ఆవు పడుకున్న నేల

నా చిన్నప్పుడు మా ఊరికి మనుషులను చదివే మనిషి ఒకాయన వచ్చాడు. పుస్తకాలు చదివేవాళ్లను చూశాం, చేతిలో గీతలు చదివేవాళ్లను చూశాం. మనుషులను చదవడమే ఉద్యోగంగా పెట్టుకుని, దానికి జీతం కూడా పుచ్చుకునేవాళ్లు ఉంటారని తమిళనాట మా కంబం లోయలో అంతకుముందు ఎవరికీ తెలియదు. బస్సు దిగి, కూలివాడి నెత్తిన పెద్ద పెట్టె పెట్టించుకుని, నేరుగా మా తిన్నె దగ్గరికి వచ్చి మా తాతయ్యకు చక్కటి తెలుగులో నమస్కారం పెట్టాడు. ఆ ఒక్క నమస్కారానికే మా ఇల్లంతా పడిపోయింది.

ఎందుకు పడిపోయామో చెప్పాలి. మాది ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం. బడిలో అక్షరాలూ తమిళమే. ఎన్ని తరాల కిందటో మా పెద్దలు మందలు తోలుకుంటూ ఉత్తరం నుంచి దిగి ఈ నల్లరేగడిలో నిలిచిపోయారు. ఆంధ్రావాళ్లకు మేం అరవవాళ్లం, ఇక్కడివాళ్లకు వడుగులం, అంటే వడక్కు నుంచి, ఉత్తరం నుంచి వచ్చినవాళ్లం. అటువంటి మా దగ్గరికి పైనుంచి ఒక చదువుకున్నాయన వచ్చి, మా తాతయ్య పక్కన కూర్చుని, "మీరు మావాళ్లేనండీ" అన్నాడు. మావాళ్లు అనిపించుకోవాలని ఎంత ఆకలితో ఉన్నామో ఆ మాట విన్నాకే మాకు తెలిసింది. చదువుకున్నవాళ్లలో ఆయన మంచివాడే. ఆ సంగతి ఇప్పుడే చెప్పేస్తున్నాను, తర్వాత చెప్పే ఓపిక ఉంటుందో లేదో.

మా తాతయ్య దేవుడి మందకు పెద్ద. ఆ మందలో ఆవుల పాలు పితకరు, ఎద్దులను కాడికి కట్టరు, దేన్నీ అమ్మరు. అవి పుడతాయి, మేస్తాయి, పోతాయి. పోయినవాటిని మేసిన నేలలోనే పూడ్చిపెడతారు. ఊరి చివర, కొండ దిగువన కంచె లేని బయలు ఒకటి ఉండేది. దాన్ని మంద నేల అనేవాళ్లం. మందలో దూడ పుట్టినప్పుడల్లా, అది తల్లి పొదుగు నోట పెట్టకముందే మా తాతయ్య పోయి దాని మెడ చుట్టూ చెయ్యి వేసి, చెవిలో మా కథ చెప్పేవాడు. మేం ఎక్కడ బయలుదేరామో, ఏ ఏరు ఎలా దాటామో, ఏటి అవతల ఎవరు ఉండిపోయారో వాళ్ల పేర్లతో సహా చెప్పి, చివరకు "ఇదే మన చోటు" అని ముగించేవాడు. ఆ తర్వాతే దూడను పాలకు వదిలేవాళ్లు. దూడ చెవిలో చెప్పిన మాటను మనుషుల ముందు మార్చకూడదు. మా వాళ్లకు అంతకు మించిన ఒట్టు లేదు.

ఆ కథ మొత్తం నాకు వచ్చు. ఇక్కడ రాయను. సర్కారు కచేరీ మనుషుల ముందు బయటపడిన ముక్క ఒకటుంది, అంతవరకే రాస్తాను.

వచ్చినాయన మా తిన్నె మీదే మకాం పెట్టాడు. సాయంత్రాలు మమ్మల్ని కూర్చోబెట్టుకుని తన చదువు గురించి చెప్పేవాడు. దాని పేరు మానవ శాస్త్రమట. చెట్టుకు కొమ్మలున్నట్టు దానికి నాలుగు పెద్ద శాఖలట. ఒకటి మనిషి ఒంటిని చూస్తుంది. ఎముక, తల, ఎత్తు, రంగు, మనిషి కోతి నుంచి ఎంత దూరం వచ్చాడన్నది దాని లెక్క. ఇనుప పటకారు వంటి దానితో ఆయన ఊరందరి తలలూ కొలిచాడు. నా తల కూడా కొలిచాడు. అది మంచి తలో కాదో చెప్పమంటే, తలల్లో మంచీ చెడూ ఉండవని, అలా ఉంటాయన్నవాళ్లు పూర్వం చాలా పాపం చేశారని అన్నాడు. మా అవ్వ మాత్రం ఆ పూట ఉప్పూ మిరపకాయలూ తెచ్చి నాకు దిష్టి తీసి పొయ్యిలో వేసింది. మిరపకాయల ఘాటు రాకపోయేసరికి, "చూస్తివా, ఎంత దిట్టి తగిలిండాదో!" అని గుండెలు బాదుకుంది.

రెండో శాఖ మట్టిని చూస్తుంది. మాట్లాడగలిగినవాళ్లంతా చచ్చిపోయాక వాళ్ల కుండ పెంకులనూ పూసలనూ బూడిదనూ అడిగి తెలుసుకోవడం దాని పని. ఆయన మంద నేలలో ఒక మూల తాతయ్య అనుమతితో కొంచెం తవ్వి, నల్లగా ఎర్రగా ఉన్న పెంకులు తీసి కడిగి ఆరబెట్టుకున్నాడు. మూడోది భాషను చూస్తుంది. మా అవ్వ పొయ్యి దగ్గర కూర్చుని గొణుక్కునే మాటలు తమవైపు పాత పద్యాల్లో తప్ప వినబడవని చెప్పి ఆయన మురిసిపోయేవాడు. అవ్వ తిట్టినా రాసుకునేవాడు. నాలుగోది బతుకును చూస్తుంది. ఎవరు ఎవర్ని చేసుకోవచ్చు, విందులో ఎవరికి ముందు వడ్డించాలి, చావింట్లో మొదట ఎవరు ఏడవాలి, ఏ దేవుడికి ఎందుకు భయపడతారు. దీనికోసం దూరం నుంచి చూస్తే చాలదట, వాళ్లతోనే ఉండి, వాళ్లు తిన్నది తిని, వాళ్లకు తప్పనిపించింది మనకూ తప్పనిపించేదాకా ఉండాలట.

ఒకరి పద్ధతి గొప్పదనీ ఇంకొకరిది మోటుదనీ ఈ శాస్త్రం ఒప్పుకోదని కూడా ఆయన చెప్పాడు. బడిలో వెక్కిరింపులు పడ్డ పిల్లను నేను. ఆ మాటకు నాకెంత సంతోషమయిందంటే, పెద్దయ్యాక నేనూ ఈ చదువే చదువుతానని మా అమ్మతో చెప్పాను. అమ్మ నా జడ బిగించి కట్టింది.

ఆయన తెచ్చిన పెద్ద పెట్టె మాటలను పట్టే పెట్టె. చక్రాలు తిరుగుతూ ఉంటే మనం అన్న మాట దాని లోపలికి పోయి, మళ్లీ అడిగితే బయటికి వచ్చేది. దూడలకు చెప్పే కథను ఆ పెట్టెకు చెప్పమని ఆయన తాతయ్యను బతిమాలాడు. చాలా రోజులు తాతయ్య ఒప్పుకోలేదు. ఒప్పుకున్న రోజున మా అవ్వ గొడవ పెట్టుకుంది.

"ఆ పెట్టికి ఎందుకు చెప్తావు? అది పాలు తాగతాదా, మందలో తిరగతాదా?"

"మనోడు కదే, మన బాస మాట్లాడతాడు. మన పిల్లోళ్లు మర్చిపోయినా ఆ పెట్టి మర్చిపోదంట" అన్నాడు తాతయ్య.

ఇంటి గుట్టు లంకకు చేటని అవ్వ వంటింట్లోకి వెళ్లిపోయింది. తాతయ్య మొహం కడుక్కుని, పైపంచె సర్దుకుని, ఆ పెట్టె పక్కన చతికిలపడి, దూడను పట్టుకున్నట్టే దాని మీద చెయ్యి వేసి కథ చెప్పాడు. మేమంతా నవ్వు ఆపుకున్నాం. పుట్టినప్పటి నుంచి ఆ కథను ఎవరికి చెప్పినా నమ్మకంగా చెప్పాడు, దానికి కూడా అలాగే చెప్పాడు.

ఇక మిల్లు మామ సంగతి. ఆయన మా తాతయ్యకు సొంత అక్క కొడుకు, నాకు మామ వరస. కోయంబత్తూరు పోయి నూలు మిల్లులో కుదిరి, ఆ తర్వాత మిల్లుల్లో వాటాలు సంపాదించి, కారులో తిరిగొచ్చాడు. లోయలో అప్పుడప్పుడే ద్రాక్ష పందిళ్లు లేస్తున్నాయి. నీళ్లకు దగ్గరగా, రాళ్లు లేకుండా ఉన్న బయలు ఆయన కంటికి ఒక్కటే ఆనింది. మంద నేల సర్కారు లెక్కల్లో పొరంబోకు, అంటే ఎవరిదీ కాని నేల. దాన్ని తనకు సాగుకు ఇమ్మని ఆయన అర్జీ పెట్టాడు. అది మందదని మా వాళ్లు అడ్డు చెప్పారు. తాసిల్దారు స్వయంగా వచ్చి ఊరి చావడిలో విచారిస్తానని కబురు పెట్టాడు.

ఈలోగా చదువుకున్నాయన్ను మిల్లు మామ తన ఇంటికి భోజనానికి పిలిచాడు. ఆయన పాపం సంబరంగా పెట్టె తీసుకుపోయి, అరటాకులు తీశాక అందరికీ మా తాతయ్య గొంతు వినిపించాడు. మిల్లు మామకు ఆ కథ తెలియదా? ఆయన పెరిగింది మా ఇంట్లోనే. ఆయనకు కొత్తగా తెలిసింది కథ కాదు, ఆ కథను చెప్పడానికి సర్కారు నమ్మే మనిషి ఒకడు దొరికాడన్న సంగతి. మర్నాడే ఆ పెద్దమనిషిని తన పక్షం సాక్షిగా పిలిపించమని తాసిల్దారుకు రాశాడు.

విచారణ రోజు పొద్దున చదువుకున్నాయన వాడిపోయిన మొహంతో మా ఇంటికి వచ్చాడు. తాతయ్య ఎదుట నిలబడే మాట్లాడాడు, కూర్చోలేదు. మావాళ్లలో కుర్రాళ్లు అప్పటికే తాతయ్యకు ఒక మాట నూరిపోస్తున్నారు. మదురై నాయక రాజు మన పెద్దలకు ఆ నేలను రాసిచ్చాడు, రాగిరేకు ఉండేది, వరదలో పోయింది అని చెబితే చాలు. మా చుట్టుపక్కల ఊళ్లలో అలా చెప్పి నిలబెట్టుకున్నవాళ్లు ఉన్నారు. చదువుకున్నాయన కూడా అదే చెప్పమన్నాడు. కథలు ఒక్కో నోట ఒక్కోలా ఉంటాయని, రాజు ఇచ్చాడన్న పాఠం కూడా ఉండవచ్చని తాను చెబుతానని, తన శాస్త్రంలో అది అబద్ధం కిందికి రాదని అన్నాడు. తాతయ్య విన్నాడు. నా చెయ్యి పట్టుకుని చావడికి నడిచాడు.

చావడి నిండా జనం. తాసిల్దారు తమిళాయన, చిరాకు మనిషేమీ కాదు. ముందు చదువుకున్నాయన్ను అడిగాడు. ఆయన నిజమే చెప్పాడు, నాలుగు శాఖలదీ చెప్పాడు. వీళ్ల తలలూ ఒళ్లూ చుట్టుపక్కల వాళ్ల వాటిలాగే ఉన్నాయి, అందులో తేల్చగలిగింది ఏమీ లేదు. ఆ నేలలో దొరికిన పెంకులు వీళ్లకంటే చాలా ముందున్నవాళ్లవి. వీళ్ల భాష ఉత్తరం నుంచి వచ్చిన పాత తెలుగు. వీళ్ల ఆచారమంతా మందతో పాటు నడిచి వచ్చింది. రాజు దానం సంగతి అడిగితే, కథలకు పాఠాంతరాలు ఉంటాయని, పెద్దాయన్నే అడగమని తలుపు తెరిచి పెట్టి పక్కకు తప్పుకున్నాడు. ఆయన చేయగలిగిన సాయం అది. చేశాడు.

తాసిల్దారు మా తాతయ్య వైపు తిరిగాడు. ఈ నేల మీకు ఎవరిచ్చారు అని అడిగాడు. రాజు అన్న రెండక్షరాలు చాలు, మంద నిలుస్తుంది. నాకు ఎంత చిన్నతనమో, తాతయ్య చేతిని గిల్లి, చెప్పు తాతా అని లోపలే అనుకుంటున్నాను.

"రాజెవరూ ఈలేదు సామీ" అన్నాడు తాతయ్య. "మా ముందర నడిచే ఆవు ఆడ పండుకొనె. లేపితిమి, లెయ్యలే. సరి, ఇదే మన చోటని మేమూ నిలిస్తిమి."

తాసిల్దారు తమిళంలో, ఆవు పడుకున్న చోటల్లా పట్టా ఇస్తూ పోతే సర్కారు నిలబడటానికి చోటుండదు పెద్దాయనా అన్నాడు. అందులో దురుసుతనం లేదు, సరదాగానే అన్నాడు. చావడి అంతా గొల్లుమంది. తమిళం వాళ్లు నవ్వారు, మావాళ్లూ నవ్వారు. మొన్నటిదాకా ఆ కథ వింటూ దణ్ణం పెట్టినవాళ్లే కళ్లనీళ్లు వచ్చేలా నవ్వారు. మిల్లు మామ ఒక్కడే నవ్వలేదు. తలవంచుకుని కండువా అంచు చూసుకుంటూ కూర్చున్నాడు. తమిళం మాట్లాడే ఒక గొర్రెల కాపరి మాత్రం లేచి, మా తాత ముత్తాతల నుంచి ఆ మందను అక్కడే చూశామయ్యా అన్నాడు. అతన్ని కూర్చోమన్నారు.

నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. మా తాతయ్య నోటికి ఏం తక్కువ? ఊరిని మాత్రం నేనిప్పటికీ క్షమించలేదు.

ఇంటికి వస్తూ తాతయ్యను నిలదీశాను. రాజు ఇచ్చాడని ఎందుకు చెప్పలేదని ఏడ్చాను. ఆయనకు నా మీద కోపం రాలేదు.

"రాజు ఇచ్చినాడంటే ఇంకో రాజు ఎత్తుకుంటాడు తాయీ. ఆవు చూపించిన చోటును ఎవురూ ఎత్తుకోలేరు" అన్నాడు.

"ఎత్తుకుంటిరి కదా?"

ఆయన నా చెయ్యి వదలకుండా ఇంటిదాకా నడిచాడు.

నేల మిల్లు మామకు పోయింది. రాతి స్తంభాలు పాతి, తీగ చుట్టి, పందిళ్లు వేశారు. గుంటలు తవ్వినప్పుడు పూడ్చిపెట్టిన మంద ఆవుల ఎముకలు బయటపడితే కూలివాళ్లు ఒక పక్కన కుప్పపోశారు. మందను కొన్నాళ్లు రోడ్డు గట్ల మీద మేపారు. అమ్మకూడదు, కట్టకూడదు, మేపడానికి చోటు లేదు. చివరికి పళని దారిలో ఒక మఠం వాళ్లు తీసుకుంటామంటే తోలి పంపారు. చదువుకున్నాయన సెలవు పుచ్చుకునేటప్పుడు మా తాతయ్య కాళ్లు ముట్టుకున్నాడు. ఆయన ఏం రాశాడో, ఆ పెట్టెలోని తాతయ్య గొంతు ఏ గదిలో ఉందో మాకు తెలియదు. ఒక్క ఉత్తరం ముక్క కూడా రాలేదు.

మందను తోలి పంపేముందు, గట్టు మీదే ఒక ఆవు ఈనింది. ఎవరో పరుగున వచ్చి చెప్పారు. తాతయ్య ఎప్పటిలాగే మొహం కడుక్కుని పోయాడు, నేనూ వెంట పోయాను. దూడ పక్కన కూర్చుని మెడ చుట్టూ చెయ్యి వేశాడు. చెవి దగ్గర నోరు పెట్టాడు. కథ చివరి మాట "ఇదే మన చోటు" అనేది. అది ఇక నిజం కాదు, దూడ చెవిలో అబద్ధం చెప్పకూడదు. తాతయ్య చెయ్యి తీసేశాడు. దూడ కాసేపు ఆయన్నే చూసి, కాళ్లు కూడదీసుకుని తల్లి దగ్గరికి పోయింది. మా మందలో కథ వినకుండా పాలు తాగిన దూడ అదొక్కటే. ఆ తర్వాత మా తాతయ్య బతికినన్నాళ్లూ ఆ కథ ఎత్తలేదు, ఎవరైనా ఎత్తితే లేచి వెళ్లిపోయేవాడు.

ఆయన నిజాయితీ గురించి మా వాళ్లు ఇప్పుడు పెళ్లిళ్లలో గొప్పగా చెప్పుకుంటారు. ఆ రోజు నవ్వినవాళ్ల పిల్లలే చెప్పుకుంటారు. నాకు ఆయన మీద ఎంత ప్రేమో అంత కోపం. రెండక్షరాలు అంటే ఏం పోయేది అని ఇన్నేళ్లయినా అనుకుంటాను. అనేసి ఉంటే ఆయన మా తాతయ్య అయ్యేవాడా అని కూడా అనుకుంటాను. ఏదీ తేలదు.

నేను పెళ్లయి కోయంబత్తూరు పక్కనున్న పోదనూరు రైల్వే కాలనీకి వచ్చాను. పక్కింటి నెల్లూరావిడ దగ్గర ఈ తెలుగు అక్షరాలు నేర్చుకున్నాను. మా మనవరాలు ఇప్పుడు ఆ మానవ శాస్త్రమే చదువుతోంది. నేను చదవాలనుకున్నది అది చదువుతుంటే సంతోషించాలి కదా. సంతోషించాను కూడా. మొన్నామధ్య ఫోను నా ముందు పెట్టి, మన మంద కథ చెప్పమని అడిగింది.

"అవ్వా, ఇప్పుడు ఆ కాలం మాదిరి లేదు. నువ్వు సరి అంటేనే రికార్డు చేస్తా. వేండాం అంటే ఆపేస్తా. అదే ఇప్పటి రూలు."

మంచి రూలే. తల కొలిచేవాళ్లు ఇప్పుడు తలగలవాళ్లను అడిగి కొలుస్తున్నారంటే మంచిదేగా. ఇది ఎవరు వింటారే అని అడిగాను. ఎవరైనా వినవచ్చు అంది, ముచ్చటగా. విన్నవాళ్లు దీనితో ఏం చేస్తారే అని అడిగాను. అది మాత్రం దానికి తెలియదు. దాని సారుకూ తెలియదట. అడగడానికి వచ్చేవాళ్లలో చెడ్డవాళ్లు తక్కువని, చెప్పిన మాట వాళ్ల చేతుల్లోనే ఉండిపోదని నేను నేర్చుకున్నది ఆ చావడిలోనే. ఇంటి ముందుకు ఎవరొచ్చి మీరెక్కడి వాళ్లని అడిగినా, ఇప్పటికీ నా చెయ్యి ముందు తలుపు గడియ మీదికి పోతుంది.

వేండాం అన్నాను. పిల్ల ఫోను ఆపేసి, నా పక్కనే కూర్చుని, అన్నం తిని వెళ్లిపోయింది. ఆ కథ ఇంకెవరికీ రాదు. ఏటి అవతల ఉండిపోయినవాళ్ల పేర్లు నా ఒక్కదాని నోట్లోనే ఉన్నాయి, నాకా వయసు మీదపడింది. తాతయ్య కథ చెప్పి నేలను పోగొట్టాడు. నేను చెప్పకుండా కథనే పోగొడుతున్నాను, తెలిసే పోగొడుతున్నాను.